సీతాఫలం చేదెక్కడం, కంద దురద పెట్టడం: ఈ కాలం కాయలు, దుంపల మీద నా అనుభవం

దసరా వెళ్లాక మార్కెట్ నిండా ఎప్పుడూ వండని కాయలు, దుంపలు కనిపిస్తున్నాయని, సీతాఫలం పాయసం రెండుసార్లు చేస్తే రెండుసార్లూ చేదుగా వచ్చిందని, కంద వండితే గొంతు దురద పెట్టి ఇక ఆ దుంప తేవద్దని ఇంట్లో అన్నారని, ఉసిరికాయలు కిలో కొని ఏం చేయాలో తెలియక పాడైపోయాయని మీరు రాశారు. మీ చేతి వంటలో లోపం ఏమీ లేదండి. ఆశ్వయుజం, కార్తీకం వచ్చే సరుకు మిగతా కాలాల్లా కొన్నరోజే తరిగి పొయ్యి మీద పడేసేది కాదు, ఆ సంగతి చెప్పేవాళ్లు పక్కన లేకపోతే అందరికీ ఇలాగే అవుతుంది. నాది కోనసీమ, హైదరాబాద్ వచ్చి 21 ఏళ్లయింది. మీరు రాసిన మూడూ నా వంటింట్లో జరిగినవే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు సీతాఫలం. మనకు ఇక్కడ ఎక్కువగా దొరికేది బాలానగర్ రకం, మహబూబ్‌నగర్ వైపుది. షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు వెళ్తుంటే ఈ రోజుల్లో రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని కూర్చుంటారు, వీలైతే అక్కడే కొనండి, ఎంత తాజాగా ఉంటాయో మాటల్లో చెప్పలేను. సైజు చూసి కొనకండి, కాయ మీది కళ్ల మధ్య గీతలు చూడండి. ఆ గీతలు వెడల్పయి లేత పసుపుగానో మీగడ రంగులోనో విచ్చుకుని ఉంటే కాయ పక్వానికి వచ్చాక కోసినట్టు. కళ్లు దగ్గరగా బిగుసుకుని, గీతలు కూడా ముదురు ఆకుపచ్చగా ఉంటే అది లేతకాయ. ఎన్నాళ్లు బియ్యం డబ్బాలో పెట్టినా పండదు, గట్టిగా నల్లబడిపోతుంది, నేను ఒకసారి తక్కువ ధరకు వస్తున్నాయని బుట్టెడు అలాంటివే కొని మొత్తం పారేశాను. అమ్మే ఆవిడ "రేపు తింటరా, ఇంకో మూడొద్దులకా?" అని అడుగుతుంది చూడండి, ఆ ప్రశ్న చాలా విలువైనది. డజను కొంటే నాలుగు రేపటికి, నాలుగు ఎల్లుండికి, మిగతావి ఆ తర్వాతకి అని అడిగి తీసుకోండి, లేకపోతే అన్నీ ఒకేరోజు మెత్తబడి కూర్చుంటాయి. పచ్చికాయల్ని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చలికి తొక్క నల్లబడుతుంది, లోపల పండదు. మెత్తబడ్డాకే ఫ్రిజ్, అదీ ఒకటి రెండు రోజులే.

ఇక చేదు సంగతి. సీతాఫలం గుజ్జుకు వేడి పడదు. పాలు మరుగుతున్నప్పుడు వేశారంటే ఎంత మంచి పండైనా చేదెక్కుతుంది, పంచదార ఎంత పోసినా ఆ చేదు పోదు. నేను చేసే పద్ధతి ఇది. లీటరు చిక్కటి పాలు సగం అయ్యేదాకా మరిగించి, మూడు నాలుగు చెంచాల పంచదార, ఒక యాలక్కాయ వేసి దించేస్తాను. గిన్నె పూర్తిగా చల్లారాలి, గోరువెచ్చగా ఉన్నా సరే ఆగాలి. చల్లారాక ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి, అప్పుడు మూడు పెద్ద పండ్ల గుజ్జు కలుపుతాను. గుజ్జు తీయడానికి మిక్సీ వాడకండి, గింజలు చితుకుతాయి. కన్నాలు పెద్దగా ఉన్న జల్లెడలో వేసి గరిటె వెనుకవైపుతో నెమ్మదిగా రుద్దితే గింజలు పైన ఉండిపోతాయి. ఆ గింజల విషయంలో జాగ్రత్త, చిన్నపిల్లలుంటే మరీను. మా ఊళ్లో పేలకు గింజల పొడి తలకు పట్టించేవాళ్లు, అది కంట్లో పడితే కన్ను వాచి భరించలేని మంట పుడుతుంది, చూపుకే ముప్పు రావచ్చు. ఎవరు చెప్పినా అలాంటి పని చేయకండి, గింజలు తిన్నగా చెత్తబుట్టలో వేసేయండి.

కంద దగ్గరకు వస్తే మొదట పేరు దగ్గరే ఇబ్బంది. నేను వచ్చిన కొత్తలో బజారుకు వెళ్లి కందగడ్డ ఇవ్వమంటే చిలగడదుంపలు తూచి ఇచ్చారు, ఇక్కడ చాలామంది కందగడ్డ అనేది దాన్నే. రాయలసీమ వాళ్లు వాటినే గెణుసుగడ్డలంటారు. మీకు కావలసింది మట్టి రంగులో, ఏనుగు పాదంలా గుండ్రంగా ఉండే పెద్ద దుంప, వేలు పెట్టి చూపించి అడగడమే మంచిది. వేసవిలో నాటిన కంద ఈ చలి మొదలయ్యేటప్పుడే తవ్వకానికి వస్తుంది, కాబట్టి కార్తీకం మధ్యకు వచ్చేసరికి కొత్త కంద ఎక్కువవుతుంది. కోసిన ముక్క కొంటే గట్టిగా, కోసినచోట తడి కారకుండా ఉండాలి. మా గోదావరి వైపు పండే గజేంద్ర రకం దురద బాగా తక్కువ, కొట్టువాడికి పేరు తెలిస్తే అదే అడగండి. లేతదాని కన్నా బాగా ముదిరిన దుంప మేలు, తవ్వాక పది పదిహేను రోజులు నీడన ఆరనిస్తే ఇంకా మేలు అని మా అమ్మ చెప్పేది, నా అనుభవమూ అదే.

దురదకు కారణం అందులో సన్నని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ ఉండటం. చేతులకు, గొంతుకు గుచ్చుకునేది అదే. పులుపు వేసి బాగా ఉడికిస్తే దురద చాలా తగ్గుతుంది, అందుకే మన వంటల్లో కందకు చింతపండు తప్పనిసరి. మీరు వేపుడు చేశానన్నారు, అది కూడా పచ్చి ముక్కల్ని నేరుగా నూనెలో వేసి. అక్కడే దెబ్బతింది. చేతులకు కొబ్బరినూనో నువ్వులనూనో రాసుకుని, తడి లేకుండా చెక్కు మందంగా తీసి, ముక్కలు కోశాక అప్పుడు కడగండి. నీళ్లలో పసుపు, కాస్త చింతపండు రసం వేసి ముక్క వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. తర్వాత వేపుడు చేసుకున్నా, పులుసు పెట్టుకున్నా ఏ బాధా ఉండదు.

అన్నిటికంటే కంద బచ్చలి ఒకసారి చేసి చూడమని నా గట్టి మనవి. మా వైపు పెళ్లి విస్తట్లో, కార్తీక వనభోజనాల్లో ఇది లేకపోతే భోజనం పూర్తయినట్టు ఉండదు. పావుకిలో కందకు రెండు కట్టల బచ్చలాకు, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు వేసి ఉడికించి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి దగ్గరపడేదాకా ఉంచాలి. గుత్తితో కొంచెం మెదపండి, పూర్తిగా ముద్ద చేయొద్దు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. ఇప్పుడు ఆవ. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు కాసేపు నానబెట్టి మెత్తగా నూరుకుని, కూర దించి చల్లారాక కలపాలి. ఇక్కడా సీతాఫలం సంగతే, పొయ్యి మీద ఉండగా ఆవ పెడితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. చేసిన పూట కన్నా రెండో పూటకు రుచి. మా ఇంట్లో పొద్దున చేసి రాత్రికి వడ్డిస్తే పిల్లలు కూడా వంకపెట్టకుండా తింటారు, కంద అంటే మొహం తిప్పుకునే మా ఆయన తోడబుట్టినవాళ్లు ఇప్పుడు ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు.

ఉసిరికాయలు కార్తీకం మొదట్లో కొంచెం లేతగా, వగరు ఎక్కువగా ఉంటాయి. పచ్చడికి తొందరపడకుండా కాయ పాలిపోయిన లేత పసుపుకు తిరిగి, నునుపుగా మెరిసేదాకా ఆగండి. మచ్చ ఉన్న కాయ ఒక్కటి కూడా వద్దు, జాడీ మొత్తం పాడవుతుంది. కిలో అంటే భయపడక్కర్లేదు, తొక్కు పెట్టేస్తే ఏడాదంతా ఉంటుంది. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పావుకిలో కంటే కొంచెం తక్కువ రాళ్ల ఉప్పు, రెండు చెంచాల పసుపు కలిపి జాడీలో అదిమి పెట్టాలి. స్టీలు గిన్నె, ఇనుప గిన్నె వద్దు. మూడో రోజు తీసి, గింజలు ఏరేసి, మళ్లీ ఒకసారి రుబ్బి జాడీకి ఎత్తుకోవాలి. కావలసినప్పుడు గుప్పెడు తీసుకుని పచ్చిమిర్చో ఎండుకారమో వేసి నూరి, మెంతులు, ఇంగువతో పోపు పెట్టుకోవడమే. వేడన్నంలో ఆ ముద్ద, రెండు చుక్కల నెయ్యి చాలు. ఆదివారం, రాత్రిపూట ఉసిరి తినరని మీ అత్తగారు అంటే ఆ ఆచారం మాకూ ఉంది, సోమవారం మధ్యాహ్నానికి పెట్టుకుంటే సరిపోతుంది. తొక్కు పెట్టే ఓపిక లేని రోజున నాలుగు కాయలు తురిమి, పోపులో పచ్చివాసన పోయేదాకా వేయించి అన్నంలో కలిపేయండి, పులిహోరలా పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తియ్య గుమ్మడి ముక్క కొంటే లోపల ముదురు నారింజ రంగు, ఉబ్బిన గింజలు ఉండాలి. కాయ మొత్తంగా కొంటే తొడిమ ఎండి ఉన్నది చూసుకోండి, అది గాలి తగిలేచోట నెల పైన ఉంటుంది. చిలగడదుంప, గుమ్మడి, మునక్కాడ, సొరకాయ వేసి బెల్లంతో దప్పళం పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. చిలగడదుంపలు కడగకుండా మట్టితోనే దాచండి, ఉపవాసం రోజున వండుకోవచ్చు.

ఆకుకూరల విషయంలో మాత్రం తుఫాను వార్త విన్నారంటే రెండు మూడు రోజులు కొనకండి. తడిసిన కట్ట లోపల కుళ్లి ఉంటుంది, ధర కూడా ఎక్కువే ఉంటుంది. కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం మానేస్తారు కాబట్టి సోమవారం ముందురోజు కూరగాయల రేట్లు కొంచెం పెరుగుతాయి, నేను శుక్రవారం పొద్దున్నే రైతు బజారుకు వెళ్లి దుంపలు, గుమ్మడి తెచ్చేసుకుంటాను. చిక్కుడు ఇంకా లేతగా, గింజ పట్టకుండా ఉంది, నాలుగు వారాలు ఆగండి. మీరు ఈ వారం వెళ్తే విచ్చుకున్న సీతాఫలాలు నాలుగు, పావుకిలో కంద, రెండు కట్టల బచ్చలి తెచ్చుకోండి. కంద బచ్చలిలో ఆవ ఎంత ఘాటు తగిలిందో, పాయసం ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి, ఏదైనా తేడా వస్తే ఎక్కడ వచ్చిందో చూద్దాం.