వంతెన మీద బంగారం కొట్లు

ప్రశ్న: వచ్చే నెల మావారూ నేనూ ఇటలీ టూరుకి వెళ్తున్నాం. ఫ్లోరెన్స్‌లో ఒక్క రోజే ఉంటాం. అక్కడి పాత వంతెన పొంతె వెక్కియో మీద అన్నీ బంగారం కొట్లేనట కదా. ఎలా చూడాలి? ఏమైనా కొనుక్కోవచ్చా? – ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: తిన్నగా వెళ్లి వంతెన ఎక్కేయకండి. ఎక్కాక వంతెన కనపడదు. రెండు పక్కలా కొట్లు గోడ కట్టినట్టు ఉంటాయి కనుక బజారు వీధిలో నడుస్తున్నట్టే ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఉన్న ఖాళీ దగ్గరికొస్తే తప్ప కింద ఆర్నో నది ఉందని తెలియదు. అందుకే ముందు బయటినుంచి చూడండి. సాయంత్రమైతే దిగువనున్న సాంతా త్రినితా వంతెన మీద నిలబడండి, పడమటి ఎండ కొట్ల మీద పడుతుంది. పొద్దున్నయితే ఎగువనున్న అల్లె గ్రాజియె వంతెన మంచిది.

అక్కణ్ణుంచి కొట్ల వెనక గదులు చూడండి. వంతెన అంచు దాటి నీటి మీదికి పొడుచుకొచ్చి, ఏటవాలు కర్రల ఆసరాతో వేలాడుతుంటాయి. ఎగువ వైపు కొట్ల నెత్తిన కిటికీల వరుసతో వెళ్లే పొడవాటి నడవాని 1565లో వసారి అనే వాస్తుశిల్పి అయిదు నెలల్లో కట్టాడు, పాలకులు జనంలోకి దిగకుండా అటూ ఇటూ తిరగడానికి. అప్పట్లో కింద ఉన్నవి మాంసం కొట్లు. 1593లో వాటిని తీసేయించి కంసాలులకు ఇచ్చారు.

వీలైతే ఉదయం ఏడింటికే వెళ్లండి. కొట్లు తెరవరు, అదే చూడదగ్గది: ఇనప పట్టీలు బిగించిన బరువైన చెక్క తలుపులు మూసి ఉంటే ఒక్కో కొట్టూ తాతలనాటి భోషాణంలా ఉంటుంది. రోమ్ నుంచి వేగం రైల్లో గంటన్నర ప్రయాణం. స్టేషన్ నుంచి వంతెనకి ఇరవై నిమిషాల నడక. టికెట్ లేదు. వసారి నడవాలోకి వెళ్లాలంటే మాత్రం ముందుగా టికెట్ తీసుకోవాలి.

ఇక కొనడం. పెట్టుబడి అనుకుంటే వద్దనే చెప్తాం. అక్కడ మామూలుగా అమ్మేది 18 కేరట్లు, ముద్ర 750. అంటే పది గ్రాముల నగలో మేలిమి ఏడున్నర గ్రాములే. మన 916లో తొమ్మిది గ్రాముల పైచిలుకు. ఇంటికొచ్చి మార్చబోతే మజూరీ అంతా పోయినట్టే. పనితనం నచ్చి చిన్న ఉంగరం కొంటే అది వేరే సంగతి. బిల్లు 70 యూరోలు దాటితే పాస్‌పోర్టు చూపించి పన్ను వాపసు ఫారం అడగండి. 22 శాతం పన్ను ధరలోనే కలిసి ఉంటుంది, అంటే 1,000 యూరోల బిల్లులో సుమారు 180. వాపసు ఇప్పించే ఏజెన్సీ కమీషను పోగా మిగిలిందే చేతికొస్తుంది. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల ఆమోదం పడకపోతే అదీ రాదు. నగ అడిగితే చూపించాలి, సూట్‌కేసులో వేసి పంపేయకండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. మీరు ఇక్కణ్ణుంచి గాజులూ గొలుసులూ వేసుకుని వెళ్తుంటే బయల్దేరేటప్పుడే మన కస్టమ్స్ కౌంటర్లో ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు అవి అక్కడ కొన్నవి కావని రుజువు చేయడం కష్టం. నగల మీద సుంకం మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే. టూరుకి వెళ్లొచ్చేవాళ్లకి వర్తించదు.

ప్రశ్న: మా ఊళ్లో కాలువని వైనతేయ మీదుగా దాటించే పాత అక్విడెక్టుకి 49 కమానులు. ఫ్లోరెన్స్ పొంతె వెక్కియోకి మూడేనట. ఎలా ఆగింది? – ఓ పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: మీ గోదావరి పాయ వైనతేయ వెడల్పు ఆర్నోకి ఎన్నో రెట్లు, అది ఒక కారణం. రెండోది కమాను ఆకారం. అర్ధచంద్రంలా కడితే 30 మీటర్ల వెడల్పుకి 15 మీటర్ల ఎత్తు లేవాలి. ఇక్కడ మధ్య కమాను వెడల్పు అంతే, లేచింది మాత్రం నాలుగు మీటర్ల చిల్లర. ఇలాంటి చదును కమాను పక్కలకి గట్టిగా తోస్తుంది కనుక గట్ల దగ్గర పునాది బలంగా ఉండాలి. లాభమేమిటంటే ఏటి మధ్యలో రెండే స్తంభాలు, వరదకి అడ్డు తక్కువ. 1333 వరదకి పాతది కొట్టుకుపోయాకే, 1345లో దీన్ని ఇలా కట్టారు. 1966 నవంబరు 4న వరద కొట్లలోంచే పారింది. నగలు పోయాయి, కమానులు నిలిచాయి.