లెక్కలంటే భయం ఉన్నవాళ్లు బీఎస్సీ బయోకెమిస్ట్రీ తీసుకోవచ్చా?

బైపీసీ అయింది, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, వైజాగ్‌లోనే ఉండి బయోకెమిస్ట్రీ చదవాలనుంది, లెక్కలంటే భయం, నాన్నగారేమో బీఫార్మసీ చేయమంటున్నారు. ఇదీ మీ ప్రశ్న. నేను ఇక్కడే బీఎస్సీ, ఆ తర్వాత ఏయూలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి, ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. తీసుకోవచ్చు. కాకపోతే ఇంటర్ జువాలజీ ఇంకాస్త పెద్దదవుతుంది, అంతేకదా అనుకుని మాత్రం చేరకండి. ఇందులో కెమిస్ట్రీదే పెద్ద వాటా.

పదో తరగతితో లెక్కలు వదిలాయని మనం సంబరపడతాం. ఇక్కడ బఫర్ల (పీహెచ్ పెద్దగా మారకుండా నిలబెట్టే ద్రావణాల) పాఠం మొదలవగానే లాగరిథమ్ ఎదురొస్తుంది. పీహెచ్ 7 నుంచి 6కి దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుందన్నది బట్టీ పడితే ఎక్కదు, నాలుగు లెక్కలు చేస్తే ఎక్కుతుంది. ఎంజైముల దగ్గర, అవి ఎంత వేగంగా పనిచేస్తాయో చెప్పే మైకేలిస్-మెంటెన్ సమీకరణం వస్తుంది. దాన్ని తలకిందులు చేసి గీస్తే సరళరేఖ. వాలు, అంతరఖండం, అన్నీ పదో తరగతిలో మీరు చేసినవే. కాలిక్యులస్ ఎక్కడైనా తగులుతుంది గానీ మిమ్మల్ని ముంచేంత ఉండదు. నిజంగా ఇబ్బంది పెట్టేవి మోలారిటీ, డైల్యూషన్ లెక్కలు. ఫలానా గాఢత ద్రావణం 100 మి.లీ. కావాలి, పొడి ఎంత తూచాలి? నేను ఇప్పటికీ రోజూ చేసే లెక్క అదే. కాబట్టి చేరేలోపు ఈ సెలవుల్లో ఇవి పట్టండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం కలిగింది ప్రాక్టికల్స్‌లోనే. ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చేయిస్తారు. శాంపిల్‌కి ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, తర్వాత ఏఎన్ఎస్ఏ అనే రీజెంట్ వేస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌లో రీడింగ్ తీసి, స్టాండర్డ్ గ్రాఫ్‌తో పోల్చి లెక్క తేలుస్తాం. రికార్డులో దాని పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి. ఆ సుబ్బారో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. 1925లో హార్వర్డ్‌లో ఉండగా ఫిస్కేతో కలిసి రూపొందించిన పద్ధతి ఇది. దీంతోనే వాళ్లు కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని పట్టుకున్నారు. మా బ్యాచ్‌లో సగం మందికి ఈ సంగతి తెలియకుండానే రికార్డు సంతకమైపోయింది, అది వేరే విషయం.

మన ఊరి ఎండ కూడా పాఠం చెబుతుంది. ల్యాబుల్లో ఎక్కువగా వాడే ట్రిస్ బఫర్ పీహెచ్ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. ఏసీ లేని ల్యాబ్‌లో మే నెల మధ్యాహ్నం 34 డిగ్రీల దగ్గర 8.0కి సర్దిన బఫర్‌ని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దాకా చల్లారిస్తే దాదాపు 8.9కి పోతుంది. అది తెలియని వాళ్లు ఎంజైమ్ పనిచేయలేదని కెమికల్ కంపెనీని తిడతారు!

మాలిక్యులర్ బయాలజీలో డీఎన్ఏ తీయడం, జెల్ నడపడం (దాని ముక్కల్ని సైజును బట్టి విడదీయడం), పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీయడం) ఉంటాయి. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ చాలా డిగ్రీ కాలేజీల్లో ఒకరు చేసి చూపిస్తే మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూడటమే. బయోఫిజిక్స్ సాధారణంగా ఒక పేపర్: సెంట్రిఫ్యూజ్, స్పెక్ట్రోఫోటోమీటర్, ప్రొటీన్ల ఆకారం.

ఇక నాన్నగారి మాట. మూడేళ్లకో నాలుగేళ్లకో ఇంటికి జీతం తేవాల్సిన పరిస్థితి ఉంటే ఆయన చెప్పేదే నయం, నేను మొహమాటపడను. ఉత్త బీఎస్సీతో పరవాడలో ఉద్యోగం రాదని కాదు, వస్తుంది. షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం తక్కువ, పైగా క్యూసీ పోస్టులకు కెమిస్ట్రీ వాళ్లతో పోటీ. ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ అవుతారని ఇంట్లో అనుకుంటుంటే ఇప్పుడే సర్దిచెప్పండి, దానికి డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ వేరే ఉన్నాయి. బయోకెమిస్ట్రీకి విలువ ఎమ్మెస్సీతో మొదలవుతుంది. ప్రవేశ పరీక్ష ఏయూకైతే ఏపీ పీజీసెట్, ఐఐటీలకైతే జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్. ఆ పేపర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ప్రశ్నలు కూడా ఉంటాయి, మళ్లీ అక్కడికే వచ్చాం. పరిశోధన వైపు వెళ్లాలంటే ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే అర్హత పరీక్ష.

2023-24 నుంచి ఏపీలో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి (ఒక ప్రధాన సబ్జెక్టు, తోడుగా ఒక మైనర్) వచ్చింది. మేజర్ బయోకెమిస్ట్రీ అయితే మైనర్ కెమిస్ట్రీ తీసుకోండి, ఉద్యోగానికీ పీజీకీ రెండిటికీ పనికొస్తుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీలు చూడకండి. ప్రాక్టికల్స్ జరిగే రోజు వెళ్లి, స్పెక్ట్రోఫోటోమీటర్ మీద కవర్ తీసి ఉందో లేదో చూడండి. రెండో ఏడాది వాళ్లెవరైనా కనబడితే, పైపెట్ మీరే పట్టుకుంటారా, మేడమ్ చేసి చూపిస్తారా అని అడగండి.