పది కాగానే బెంగళూరుకు కాపురం మార్చాలా?

అనంతపురం పాతూరులో మందుల షాపు నడిపే ఒక తండ్రి ప్రశ్న: "మా పాప పది పాసయింది. షాపు బావమరిదికి అప్పజెప్పి, బెంగళూరులో ఇల్లు తీసుకుని, పాపను జేఈఈ కోచింగ్ కలిపి చెప్పే పీయూసీలో, అంటే అక్కడి ఇంటర్‌లో, చేర్పిద్దామనుకుంటున్నాం. ఇక్కడే ఉంటే వెనకబడిపోతుందని అందరూ అంటున్నారు. లాభనష్టాలు చెప్పండి."

ఈ 'అందరూ' ప్రతి మే నెలలో నా దగ్గరికి వస్తారండీ. రేపు సీటు రాకపోతే "పిల్ల కోసం ఆ మాత్రం చేయలేకపోయాడు" అంటారేమోనని మీ టెన్షన్. తండ్రికి ఆ భయం సహజమే. దానికోసం నడుస్తున్న షాపు వదులుకోనక్కర్లేదు.

లాభం లేదనను. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. ఆ రాష్ట్రమేదో పన్నెండో తరగతి ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి చూస్తారు. అక్కడ పీయూసీ చేస్తే కర్ణాటకలోని సూరత్కల్ ఎన్‌ఐటీలో ఆ కోటా దక్కుతుంది. మన తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో పోతుంది. ఐఐటీలకు రాష్ట్రాల లెక్కే లేదు.

ఇక నష్టం. మన శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీల్లో, ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో 85 శాతం లోకల్ పిల్లలవి. లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. పోనీ కర్ణాటక ప్రభుత్వ ప్రవేశపరీక్ష సీఈటీ అంటే, అక్కడ మామూలుగా ఏడేళ్ల చదువు అడుగుతారు. రెండేళ్ల పీయూసీతో పాప రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఇక్కడ మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి, లేదంటే అక్కడ కామెడ్‌కే (ప్రైవేటు కాలేజీల ప్రవేశపరీక్ష), మేనేజ్‌మెంట్ సీట్లు. వాటికి మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

ఒకసారి కర్నూలు కుర్రాడికి తోడుగా సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు వెళ్లాను. ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక దొంతిగా పెట్టి, బెంగళూరు కాగితాలు రెండూ పక్కకు తీశారు. "అవెందుకు వేరే పెట్టారు సార్?" అని వాళ్ల నాన్న మెల్లగా అడిగాడు. జవాబు చెప్పడానికి నాకే నోరు రాలేదు.

ఆ ఇంటిగ్రేటెడ్ పీయూసీల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. జేఈఈ పేపరు ఊరిని బట్టి మారదు. బస్సులో గంటన్నర వెళ్లి, గంటన్నర తిరిగొచ్చే పిల్ల ఎప్పుడు చదువుకుంటుంది? మీరు అద్దె లెక్కేశారు, అడ్వాన్సు లెక్కేశారు. పాప గురించి రాసింది ఒక్క ముక్క: "తను ఏమీ అనదు." మీరు అడిగారా? రెండు పేజీల ఉత్తరంలో ఆ మాటే నన్ను బాధపెట్టింది. ఇది కోప్పడాల్సిన చోటే అయినా, కోప్పడుతున్నానని అనుకోకండి.

మీ పాప ఒకటో రెండో తరగతిలో ఉంటే, మీది బదిలీల ఉద్యోగమైతే వేరే మాట చెప్పేవాణ్ని. ఇప్పుడు ఇంటర్ ఇక్కడే చదివించండి. 1946లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ మీ ఊళ్లోనే ఉంది, ఇప్పుడది జేఎన్‌టీయూ కాలేజీ. అందులో చదివి బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, కనుక్కోండి. బెంగళూరు 210 కిలోమీటర్లే, ఆరేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది.

అడ్వాన్సు కట్టకండి. ఈ రాత్రి షాపు కాస్త ముందే మూసి, పాప పక్కన కూర్చుని, తనకేం కావాలో అడగండి. తను చెప్పింది నాకు రాయండి, అక్కణ్నుంచి మాట్లాడుకుందాం.