టెక్ సందేహాలు: వాటర్ కూలింగ్ పీసీలో లీకేజీ కన్నా భయపడాల్సింది ఒకటుంది

ఎండలు మొదలయ్యాయంటే వాటర్ కూలింగ్ మీద ప్రశ్నలు వరస కడతాయి. కేబినెట్ కోయించి, గాజు తలుపు బిగించి, ట్యూబులు వంచి, రంగు కూలెంట్ పోయించి లక్షలు ఖర్చు పెట్టినవాళ్లు కూడా చివరికి అడిగేది ఒక్కటే: ఇంత చేసినా వేడి ఎందుకు తగ్గడం లేదు? పంపు ఏం చేస్తుంది, బ్లాక్ ఎక్కడ కూర్చుంటుంది లాంటివి ఇక్కడ రాయడం లేదు. వాటికి వీడియోలు బోలెడున్నాయి. నేరుగా ప్రశ్నల్లోకి వెళ్తాను.

రామగుండం నుంచి ఒక పాఠకుడు: "ప్రాసెసర్‌కి, 450 వాట్ల గ్రాఫిక్స్ కార్డుకి కలిపి ఒకే లూప్ పెట్టాను. 360 ఎంఎం రేడియేటర్ ఒకటుంది. మధ్యాహ్నం గేమ్ ఆడితే కూలెంట్ 54 డిగ్రీలకు పోతోంది. గదిలో ఏసీ లేదు. రేడియేటర్ దగ్గర ఐస్ పెట్టొచ్చా? ట్యూబుల వరస మార్చితే తగ్గుతుందా?"

నీళ్లు వేడిని మాయం చేయవు. చిప్ మీద బిగించిన బ్లాక్ అనే లోహపు పలక దగ్గర్నుంచి, ఫ్యాన్లు గాలి ఊదే రేడియేటర్ దాకా, లూప్ అనే ట్యూబుల వలయంలో మోసుకొస్తాయి, అంతే. అక్కడి నుంచి ఆ వేడిని తీసుకోవాల్సింది మీ గదిలో గాలే. గది 40 డిగ్రీలుంటే కూలెంట్ 40కి దిగువకు రాదు. బాగా కట్టిన లూప్‌లో కూడా లోడ్ మీద గది కన్నా పది డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరగాలంటే ప్రతి 120 ఎంఎం రేడియేటర్‌కి వంద వాట్ల చొప్పున లెక్క వేసుకోవడం మామూలు. ప్రాసెసర్‌కి 150 వాట్లు వేసుకుంటే, మీరు మొత్తం 600 వాట్లను మూడు 120 ఫ్యాన్ల మీద వేశారు. ఇంకో 360 చేరిస్తే తప్ప ఆ లెక్క సరిపోదు.

ట్యూబుల వరస మార్చి లాభం లేదు. నిమిషానికి నాలుగు లీటర్లు తిరిగే లూప్‌లో 600 వాట్ల వేడి కలిసినా, నీళ్లలో అన్నిటికన్నా వేడి చోటికీ చల్లని చోటికీ తేడా రెండు డిగ్రీలే. దాని కోసం వంచిన ట్యూబులన్నీ మళ్లీ వంచక్కర్లేదు. పైసా ఖర్చు లేని మార్గం ఒకటుంది. గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను 75 శాతానికి దించండి. చాలా కార్డుల్లో గేమ్ ఫ్రేమ్‌లు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) తగ్గేది పదో వంతు కన్నా తక్కువే. గదిలోకి వచ్చే వేడి మాత్రం వంద వాట్లకు పైగా తగ్గుతుంది.

ఐస్ మాట మర్చిపోండి. గాలిలో తేమ ఎంత ఉందో దాన్ని బట్టి ఒక టెంపరేచర్ దగ్గర చల్లని వస్తువు మీద నీటి చుక్కలు పట్టడం మొదలవుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోత రోజుల్లో అది 26 డిగ్రీల దాకా ఉంటుంది. అంతకన్నా చల్లబరిచిన బ్లాక్ మీద, దాని కింద ప్రాసెసర్ సాకెట్ చుట్టూ చెమ్మ పడుతుంది. లూప్‌లో లీకేజీ ఏమీ లేకుండానే బోర్డు తడుస్తుంది. అసలు మీ 54 డిగ్రీల గురించి నాకున్న టెన్షన్ వేరే. ఎక్కువ మంది వాడే పంపులకు, పెట్‌జీ అనే ప్లాస్టిక్‌తో చేసిన హార్డ్ ట్యూబులకు 60 డిగ్రీలే హద్దు. వేడికి ట్యూబు మెత్తబడితే ఫిట్టింగ్‌లో పట్టు వదిలేస్తుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, ఫ్యాన్ ఒకటి తిరగకపోతే 60 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఏసీ లేని గదికి సాఫ్ట్ ట్యూబే మేలు. చూడ్డానికి అంత బాగుండదు, కానీ ఊడదు.

కాకినాడ పాఠకుడి ప్రశ్న: "ఆర్‌ఓ నీళ్లు పోశాను. ఏడాది తిరక్కుండానే కూలెంట్ పచ్చగా అయింది. పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ పోస్తే సరిపోతుందా?"

ఆర్‌ఓ నీళ్లలో ఉప్పులు తగ్గుతాయి తప్ప పోవు. లీటరుకి యాభై, వంద మిల్లీగ్రాములు ఉండటం మామూలే. విడిగా డబ్బాల్లో దొరికే బ్యాటరీ వాటర్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, నమ్మలేం. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు పట్టకుండా ఆపే ఇన్‌హిబిటర్, నాచు పట్టకుండా బయోసైడ్ కలపాలి. లేదా రంగు లేని రెడీమేడ్ కూలెంట్ కొనుక్కోవాలి. పాలలా కనిపించే పాస్టెల్ కూలెంట్లు ఫొటోలకే బాగుంటాయి. అందులో రంగు నీళ్లలో కరగదు, సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది.

పచ్చదనం నాచు కావచ్చు, రాగి తుప్పు కావచ్చు. బ్లాక్ విప్పితే తెలుస్తుంది. రాగి పలక మీద అర మిల్లీమీటరు వెడల్పు కూడా లేని గాళ్లు (సన్నని గాడులు) వరసగా ఉంటాయి. టార్చి వేసి చూడండి. గాళ్ల మధ్య జిగురుగా, వేలికి అంటేలా ఉంటే నాచు. పొడిపొడిగా రాలుతూ, నికెల్ పూత లేచిపోయి కింద ఎర్రగా రాగి బయటపడి ఉంటే తుప్పు. తుప్పయితే మీ రేడియేటర్ ఏ లోహమో కనుక్కోండి. చవగ్గా దొరికే కిట్లలో చాలావాటికి అల్యూమినియం రేడియేటర్, రాగి బ్లాక్ ఇస్తారు. రెండు వేరువేరు లోహాలు, మధ్యలో కరెంటు పారే నీళ్లు ఉంటే అల్యూమినియం కరిగిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఒకే పెట్టెలో ఆ రెంటినీ పెట్టి అమ్మడం నన్నడిగితే మోసమే. అట్ట మీద లోహం పేరు రాయని రేడియేటర్ కొనకండి.

తెనాలి నుంచి ఇంకొకరు: "పాత కేబినెట్ పైభాగం కోయించి 240 రేడియేటర్ పెట్టించి, పౌడర్ కోటింగ్ వేయించాను. అప్పటి నుంచి కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. నీళ్లు లీకై కరెంటు పాస్ అవుతోందా?"

నీళ్లది ఏ తప్పూ లేదు. మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు, లేదా ప్లగ్‌లో పెద్ద పిన్ను ఎక్కడో తెగింది. పవర్ సప్లయ్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని కేబినెట్ మీద మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా, అంటే 115 వోల్టుల వరకు కనిపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటోంది. అయినా ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి సాకెట్‌లో ఎర్త్ చూపించండి. టూ పిన్ కన్వర్టర్ వాడుతుంటే ఇవాళే తీసేయండి. ఇల్లు పాతదైతే మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లయ్ ఆపేసే స్విచ్) కూడా పెట్టించుకోండి. ఇంకో పని: పౌడర్ కోటింగ్ కరెంటును పారనివ్వదు. పవర్ సప్లయ్ స్క్రూలు బిగించే చోట, మదర్‌బోర్డును నిలబెట్టే చిన్న లోహపు స్టాండాఫ్‌ల దగ్గర ఆ పూత గీకేసి లోహం లోహానికి తగిలేలా చేయండి.

కేబినెట్ కోయబోతున్న మిగతావాళ్లకు రెండు మాటలు. 120 ఎంఎం ఫ్యాన్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 ఎంఎం, 140 ఎంఎం ఫ్యాన్‌కి 124.5 ఎంఎం. కోసేముందు లోపలి సామాన్లన్నీ బయటికి తీయాలి. "కవరు కప్పితే చాలు" అనే మెకానిక్‌కి పని ఇవ్వకండి. ఇనప రజను ఒక్క ముక్క గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో పడితే ఆ బోర్డు అంతే. రేడియేటర్‌కి పొడవు స్క్రూ బిగిస్తే రంధ్రం వెనకే ఉన్న నీటి గొట్టానికి చిల్లు పడుతుంది. ముందు ఫ్యాన్ లేకుండా స్క్రూ ఎంత లోతుకు దిగుతుందో చేత్తో తిప్పి చూసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మియాపూర్ పాఠకుడు రాశారు: "ఫ్యాన్లు, పంపు, లైట్లు కంట్రోల్ చేసే సాఫ్ట్‌వేర్ పెట్టాక విండోస్ డిఫెండర్ 'విన్‌రింగ్0' అని హెచ్చరిక చూపించి ఏదో ఫైలు తీసేసింది. అసెంబుల్ చేసిన షాపువాళ్లు మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేసి, ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టమన్నారు. అలాగే చేశాను. ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. ఏమైనా ఇబ్బందా?"

ఇబ్బందే. ముందు ఆ రెండూ వెనక్కి మార్చి, తర్వాత మిగతాది చదవండి. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్. నమ్మలేని డ్రైవర్లను విండోస్ లోపలికి రానివ్వని మెమరీ ఇంటెగ్రిటీ అక్కడే ఉంటుంది. అదే పేజీలో వల్నరబుల్ డ్రైవర్ బ్లాక్‌లిస్ట్ అని ఇంకో స్విచ్ ఉంటుంది, అదీ ఆన్‌లోనే ఉండాలి.

విన్‌రింగ్0 వైరస్ కాదు. మదర్‌బోర్డు సెన్సర్లను, ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లను తాకే హక్కు మామూలు ప్రోగ్రాములకు విండోస్ ఇవ్వదు. కెర్నల్ డ్రైవర్‌కే, అంటే విండోస్ గుండెలో (కెర్నల్‌లో) కూర్చుని పరికరాలతో మాట్లాడే ప్రోగ్రాంకే ఇస్తుంది. సొంత డ్రైవర్ రాసి సంతకం చేయించుకోవడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. అందుకని ఫ్యాన్ల, లైట్ల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఈ ఒక్క పాత డ్రైవర్ మీదే బండి నడిపించారు. చిక్కేమిటంటే, తనను అడుగుతున్నది ఎవరో అది చూడదు. ఏ హక్కులూ లేని ప్రోగ్రాం కూడా దాని ద్వారా కంప్యూటర్ మెమరీలో ఎక్కడైనా చదవొచ్చు, రాయొచ్చు, సిస్టమ్ స్థాయికి ఎక్కొచ్చు. భద్రతా లోపాల జాబితా అయిన సీవీఈలో 2020-14979 నంబరుతో ఈ లోపం 2020లోనే నమోదైంది. 2025 మార్చిలో డిఫెండర్ దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాక, ఫ్యాన్లు ఆగిపోయాయని అందరూ డిఫెండర్‌నే తిట్టారు. మధ్యలో గడిచిన ఐదేళ్లలో డ్రైవర్ మార్చని కంపెనీలను ఎవరూ నిలదీయలేదు. దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసే మాల్వేర్ చాలాసార్లు వెంట తెచ్చుకునేది కూడా ఇదే డ్రైవర్‌ని.

ఇది కాగితం మీది ప్రమాదం అనుకునేవాళ్లు ఇంకో ఉదాహరణ చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్ ప్రోగ్రాంతో వచ్చే ఆర్‌టీకోర్64 డ్రైవర్‌లో ఇలాంటి లోపమే 2019లో నమోదైంది. బ్లాక్‌బైట్ అనే రాన్‌సమ్‌వేర్ ముఠా ఆ డ్రైవర్‌ని బాధితుల కంప్యూటర్లలో తానే తెచ్చి పెట్టి, దాని గుండా కెర్నల్‌లోకి దూరి, యాంటీవైరస్‌లు ఆధారపడే వెయ్యికి పైగా డ్రైవర్ల జాబితా దగ్గర పెట్టుకుని వాటిని పనిచేయకుండా చేసిందని 2022 అక్టోబరులో బయటపడింది. ఆ తర్వాత ఫైళ్లకు తాళాలు వేసింది. ఇలాంటి డ్రైవర్లను లోడ్ కాకుండా ఆపడానికే బ్లాక్‌లిస్ట్ ఉంది. 2022 అప్‌డేట్ నుంచి విండోస్ 11లో అది దానంతటదే ఆన్‌లో ఉంటుంది. మెమరీ ఇంటెగ్రిటీ కూడా అలాంటి కాపలానే, మీ షాపువాళ్లు తీయించింది దాన్నే. ఎక్స్‌క్లూజన్‌లో పెట్టిన ఫోల్డర్‌లోకి రేపు ఇంకేదైనా వచ్చి కూర్చున్నా డిఫెండర్ దాని వైపు చూడదు.

మెమరీ ఇంటెగ్రిటీ ఉంటే ఫ్రేమ్‌లు తగ్గుతాయని అంటారు. కొద్దిగా తగ్గుతాయి, పాత ప్రాసెసర్లలో ఇంకాస్త ఎక్కువ. అదే కంప్యూటర్‌లో మీరు బ్యాంకు లాగిన్ చేస్తారు, ఆఫీసు వీపీఎన్ పెడతారు, పిల్లల ఆధార్ కాపీలు దాచుకుంటారు. ఆ కొద్ది ఫ్రేమ్‌ల కోసం ఇవన్నీ బజార్న పెట్టడం ఎందుకు?

ప్రశ్న దాటి ఒక మాట చెప్పాలి. ఫ్యాన్ తిప్పడానికి ఈమెయిల్ అకౌంట్ ఎందుకు? ఎల్‌ఈడీ రంగు మార్చడానికి వందల ఎంబీల ప్రోగ్రాం, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే సర్వీసులు, పాపప్ ప్రకటనలు ఎందుకు? ర్యామ్‌కి ఒకటి, మదర్‌బోర్డుకి ఒకటి, పంపుకి ఒకటి, ఒక్కొక్కటీ ఒక కెర్నల్ డ్రైవర్ తెచ్చి పెడుతుంది. ఒకదాంతో ఒకటి కొట్లాడి కంప్యూటర్ హ్యాంగ్ అయిందంటే, తప్పు మీ అసెంబ్లింగ్‌దేనని కస్టమర్ కేర్ చెబుతుంది. అప్‌డేట్ పడిన రాత్రి సెట్టింగులు పోయి, పంపు తక్కువ వేగానికి పడిపోయిందని రాసినవాళ్లున్నారు. ప్రాసెసర్‌ని కాపాడాల్సిన భాగాన్ని ఇంటర్నెట్ అప్‌డేట్ దయకు వదిలేయడం బాధ్యత లేని డిజైన్. పంపు వేగం, ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగమనే లెక్క) కంట్రోలర్ చిప్‌లోనే నిలవాలి. విండోస్ లేకపోయినా నడవాలి.

మీరు చేయాల్సింది ఇది. పంపు పవర్‌ని పవర్ సప్లయ్ నుంచి వచ్చే సాటా లేదా మోలెక్స్ కనెక్టర్ నుంచి ఇవ్వండి. పెద్ద పంపులు 20 వాట్లకు పైగా తాగుతాయి, మదర్‌బోర్డు మీది మామూలు ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నులు) 12 వాట్లకు మించి ఇవ్వలేదు. వేగం చెప్పే వైరు ఒక్కటే మదర్‌బోర్డుకి కలపండి. అప్పుడు పంపు ఆగితే బయాస్ (విండోస్ కన్నా ముందే లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) అరుస్తుంది. కూలెంట్ సెన్సర్‌ని బోర్డు మీది రెండు పిన్నుల హెడర్‌కి పెట్టి, ఫ్యాన్ కర్వ్‌ని బయాస్‌లోనే దానికి ముడిపెట్టండి. లైట్ల సాఫ్ట్‌వేర్ తప్పదనుకుంటే ఒకసారి పెట్టి, రంగును కంట్రోలర్ మెమరీలో సేవ్ చేసి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో డ్రైవర్‌క్వెరీ కొట్టి ఆ డ్రైవర్ ఇంకా మిగిలి ఉందేమో చూడండి. చాలా అన్‌ఇన్‌స్టాలర్లు దాన్ని అక్కడే వదిలేసి పోతాయి. ఇలాంటి టూల్స్‌ని సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కి దించుకోకండి. 2023 నవంబరులో, ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జడ్ టూల్ పేరుతో అలా పెట్టిన నకిలీ ప్రకటన పాస్‌వర్డులు దోచే మాల్వేర్ ఎక్కించింది.

చివరిగా డల్లాస్ నుంచి: "ఇక్కడ కట్టిన వాటర్ కూల్డ్ పీసీని విజయవాడ తెచ్చుకోవచ్చా?"

తెచ్చుకోవచ్చు. పవర్ సప్లయ్ లేబుల్ మీద 100-240 వోల్టులని ఉంటే 230కి అదే సర్దుకుంటుంది. కూలెంట్ మొత్తం తీసేసి, గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా ప్యాక్ చేయండి. హార్డ్ ట్యూబులు ప్రయాణంలో ఫిట్టింగుల్లోంచి కదులుతాయి, కాబట్టి ఇక్కడికి వచ్చాక ఫిట్టింగుల్లోని రబ్బరు ఓ-రింగులన్నీ చూసి, ముందు గాలి పంపుతో సగం బార్ ఒత్తిడి పెట్టి అరగంట ఉంచండి. పంపు మీటరు ముల్లు కదలకపోతే కూలెంట్ నింపి, బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే రాత్రంతా నడపండి. ప్రతి ఫిట్టింగ్ కిందా టిష్యూ పేపర్ పెట్టడం మరవకండి.