కారు తక్కువ తిరిగినా ఆయిల్ మార్చాలా?

ప్రశ్న: మా పెట్రోలు కారు ఎం.వి.పి. కాలనీ నుంచి జగదాంబ కూడలికి వెళ్లి రావడానికే తప్ప ఊరు దాటదు. ఏడాదికి 4,000 కిలోమీటర్లకు మించదు. మాన్యువల్ 0డబ్ల్యు-20 ఆయిల్ వాడమంటుండగా, విశాఖ ఎండలకు 20డబ్ల్యు-50 మేలని మెకానిక్ గారు అంటున్నారు. ఏది పోయించాలి, ఎప్పుడు మార్పించాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మాన్యువల్ చెప్పిందే పోయించండి. డబ్ల్యుకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో, తరువాతి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎంత చిక్కగా ఉంటుందో తెలుపుతాయి. నడుస్తున్న ఇంజన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ అదుపు చేస్తాయి కనుక, మన ఎండను మాత్రమే చూసి అంత చిక్కని ఆయిల్ పోస్తే, స్టార్ట్ చేయగానే అది పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. డబ్బాపై ఆయిల్ నాణ్యతా స్థాయిని తెలిపే ఏపీఐ గ్రేడు సైతం మాన్యువల్‌తో సరిచూడండి.

నన్ను ఎక్కువగా కలవరపరిచేది మీ చిన్న ప్రయాణాలే. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే, దహనంలో పుట్టిన నీటి ఆవిరి, కాలకుండా మిగిలిన పెట్రోలు బయటకు పోక ఆయిల్‌లో చేరి దానిని పాడుచేస్తాయి. చాలా మాన్యువళ్లు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. మీకు ఏడాదే ముందు వస్తుంది. ఇలాంటి చిన్న ప్రయాణాలూ కఠిన వినియోగం కిందకే వస్తాయి; దానికి మీ మాన్యువల్‌లో ఇంకా తక్కువ గడువు ఉంటే దానినే పాటించండి, ఫిల్టరు కూడా మార్పించండి. వీలైనప్పుడు భీమిలి వరకు ఆగకుండా నడిపితే ఆ తేమ చాలావరకు ఆవిరైపోతుంది.