మెనిస్కస్ చిరిగిందన్నారు, సర్జరీకి ఒప్పుకోవాలా?

మీకు 41 ఏళ్లు, హాఫ్ మారథాన్లు పరిగెత్తుతారు, ఎంఆర్‌ఐలో మీడియల్ మెనిస్కస్ (మోకాలిలో లోపలి వైపు ఎముకల మధ్య ఉండే కుషన్) గ్రేడ్ 3 టేర్, అంటే చిరుగు, అని వచ్చింది, వచ్చే వారమే ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే సర్జరీ) చేయించుకోమన్నారు. ఏం చేయాలని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. ఇలాంటి రిపోర్టే చేతిలో పెట్టుకుని రాత్రిళ్లు నిద్రపట్టక కూర్చున్నవాణ్ణి. అందుకే వివరంగా రాస్తున్నాను.

అప్పుడు నాకు 44. విశాఖలో ఆర్‌కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా వెళ్లి రావడం నా పొద్దుటి పరుగు. దెబ్బ మాత్రం పరుగులో తగల్లేదు. చుట్టాలింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లి, రెండు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవబోతే కుడి మోకాలి లోపలి వైపు టక్కుమంది. సాయంత్రానికి చిప్పకి అటూ ఇటూ ఉండే గుంటలు వాపుతో పూడిపోయాయి. మర్నాడు మా అపార్ట్‌మెంట్ మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించుకోవాల్సి వచ్చింది.

మొదట వెళ్లిన చోట డాక్టర్‌గారు ఫిల్మ్ చూశారు గానీ నా మోకాలిని ముట్టుకోలేదు. "చిరిగిన ముక్క తీసేస్తే సరిపోతుంది, ఇన్సూరెన్స్ ఉంది కదా" అన్నారు. బయటికి వచ్చేసరికి ఎస్టిమేట్ కాగితం సిద్ధంగా ఉంది. ఆ తొందర తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. అక్కడే సంతకం పెట్టేసేవాణ్ణి, మా ఆవిడ ఇంకొకరికి చూపిద్దామని పట్టుబట్టకపోతే.

రెండో డాక్టర్‌గారు బల్ల మీద పడుకోబెట్టి మోకాలు మడిచి, తిప్పి, నొక్కి చూశారు. "ఎప్పుడైనా మోకాలు ఇరుక్కుపోయి, చాపుదామన్నా చాపలేకపోయారా?" అని రెండు మూడు సార్లు అడిగారు. లేదన్నాను. "అయితే కంగారు లేదు. మూడు నెలలు శ్రద్ధగా ఎక్సర్‌సైజులు చేసి రండి. అప్పటికీ తగ్గకపోతే సర్జరీ ఎక్కడికీ పోదు" అన్నారు.

నమ్మకం కుదరక ఇంటికొచ్చి చదివాను. ఫిన్లాండ్‌లో 146 మందిని తీసుకున్నారు. అందరికీ 35 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, వయసుతో పాటు అరిగి చిరిగిన మెనిస్కస్. సగం మందికి చిరిగిన ముక్క తీశారు, మిగతా సగం మందికి కెమెరాతో లోపల చూసి, ఏమీ కోయకుండా, సర్జరీ చేసినట్టే అన్నీ జరిపి పంపించారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫలితాలు 2013లో వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో 45 దాటిన 351 మంది మీద చేసిన ఇంకో అధ్యయనం కూడా వచ్చింది. వాళ్లకి మెనిస్కస్ చిరగడంతో పాటు కీలు అరుగుదల కూడా ఉంది. అందులో ఫిజియోథెరపీతో మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 30 శాతం మంది ఆరు నెలల్లోపు సర్జరీకి వెళ్లారు. అంటే ఎక్సర్‌సైజులు అందరికీ సరిపోవు. కానీ ఆరు నెలలకి, సర్జరీతో మొదలుపెట్టిన గుంపుకీ ఫిజియోథెరపీతో మొదలుపెట్టిన గుంపుకీ మెరుగుదల దాదాపు ఒకేలా ఉంది.

పరిగెత్తేవాళ్లకి ఇంకో మాట. మెనిస్కస్ ఎముకల మధ్య కుషన్. తీసేసిన ముక్క మళ్లీ పెరగదు, ఆ బరువంతా కార్టిలేజ్ (ఎముకల చివర ఉండే నున్నటి పొర) మీద పడుతుంది. సర్జరీకి వెళ్లకుండా నన్ను ఎక్కువగా ఆపింది ఇదే. ఎక్సర్‌సైజులే మొదలుపెట్టాను.

మొదట్లో టవల్ చుట్టి మోకాలి కింద పెట్టుకుని తొడ కండ బిగించడం, కాలు చాచి ఎత్తడం, అంతే. తర్వాత బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం), సైకిల్, చిన్న పీట మీద నుంచి ఒంటికాలితో మెల్లగా దిగడం. రోజూ సాయంత్రం దర్జీ టేపుతో చిప్పకి కాస్త పైన కొలిచి నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. మొదట్లో ఎడమకాలి కన్నా ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. ఆరో వారంలో బాగుందనిపించి బీచ్‌లో రెండు కిలోమీటర్లు పరిగెత్తాను. రాత్రికి మళ్లీ వాచింది, ఏడుపొచ్చింది. పదో వారానికి మెట్లు మామూలుగా దిగాను. నాలుగో నెలలో ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడకతో మొదలుపెట్టాను. ఎనిమిదో నెలలో పది కిలోమీటర్లు పూర్తిచేశాను. ఇప్పటికీ బాసింపట్టు మాత్రం వేయను, భోజనానికి కుర్చీయే.

అలాగని సర్జరీ వద్దనడం లేదు. నాతో పరిగెత్తే ఒక కుర్రాడికి 26 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆడుతూ కాలు మెలిపడితే, చిరిగిన ముక్క మడతపడి మోకాలు సగంలో ఇరుక్కుపోయింది. అతనికి వెంటనే చేయించుకోవడమే మంచిదయింది. చిరుగు రక్తం అందే అంచు దగ్గర ఉండటంతో తీసేయకుండా కుట్టు వేశారు. అలాంటి కేసులో మూడు నెలలు ఆగితే కుట్టడానికి వీల్లేకుండా పోవచ్చు.

కాబట్టి వచ్చే వారం డేట్ ఖాయం చేసే ముందు, మోకాలిని చేత్తో పరీక్షించే ఇంకో ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి. చిరుగు అరుగుదల వల్ల వచ్చిందా, దెబ్బ వల్లా అని అడగండి. తీసేస్తారా, కుడతారా అని కూడా అడగండి. మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నారా? రిపోర్టులో ఎక్కడైనా 'రూట్ టేర్' (మెనిస్కస్ ఎముకకి అతుక్కునే చోటే చిరగడం) అని ఉందా? ఉంటే అది వేరే లెక్క, దానికి ఆలస్యం చేయకూడదు. ఈ రెండూ చూసి ఇక్కడ రాయండి, నాకు తెలిసింది చెబుతాను.