గర్భిణికి హెపటైటిస్ బి పాజిటివ్ ఎలా వస్తుంది, బిడ్డకూ సోకుతుందా?

ఐదో నెల రక్తపరీక్షలో మీ ఆవిడకు హెచ్‌బిఎస్‌ఏజి పాజిటివ్ అని, అంటే కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందని వచ్చింది, ఎలా వచ్చిందో అర్థం కావట్లేదన్నారు. చాలామందికి ఇది పుట్టేటప్పుడే తల్లి నుంచి వచ్చి, ఏ లక్షణమూ లేకుండా ఏళ్లతరబడి ఒంట్లోనే ఉండిపోయి, కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షలోనే మొదటిసారి బయటపడుతుంది. కాకపోతే ఎప్పుడో ఎక్కించిన రక్తం, ఒకరికి వాడిన సూదితో ముక్కు కుట్టడం, పచ్చబొట్టు, ఇంట్లోవాళ్ల రేజరు. లేదా భర్త నుంచి! అందుకే మీరూ పరీక్ష చేయించుకోండి. ఒకే కంచంలో తింటే మాత్రం రాదు, ఇంట్లో ఎవరైనా ఆమె గిన్నెలు వేరుపెడుతుంటే ఆ మాట గట్టిగా చెప్పండి.

బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపొచ్చు, కానీ అక్కడ గంటలు లెక్క. పుట్టిన 24 గంటల్లోపు, వీలైతే 12 గంటల్లోపే, ఒక తొడకు హెపటైటిస్ బి టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) వేయాలి. ఈ రెండోది ఖరీదు, అన్నిచోట్లా దొరకదు, నొప్పులు మొదలయ్యాక వెతుక్కునే టెన్షన్ లేకుండా ముందే ఆసుపత్రిలో అడిగి పెట్టుకోండి. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (హెపటైటిస్ బి సహా ఐదు జబ్బుల టీకా). ఇంత హడావిడి ఎందుకంటే, పుట్టుకతో సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపే. తల్లి రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు (IU) దాటితే చివరి నెలల్లో డాక్టరు వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మందు ఇస్తారు. చనుపాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు.